పైలం

మా ఇంట్ల కంప్యూటర్ ఒకటే, సంసారాలు రెండు.
స్విచ్చి ఒత్తంగనే నల్ల తెర మీద రెండు వరుసలు నిలవడ్తయి,
పది సెకండ్లు లెక్కవెట్టుకుంట అడుగుతది:
ఎటు పోతవ్?
అచ్చం మా కాజీపేట లెక్కనే.
ఒక పట్టా బల్లార్షకు, ఒక పట్టా బెజవాడకు,
నడుమ కాంటా మలిపేటోడు ఒక్కడే.

పై వరుస నాది, లినక్స్.
కింది వరుస శౌరమ్మది, విండోస్.
డీజిల్ షెడ్ల నైట్ డ్యూటీ దిగి ఫాతిమానగర్ వచ్చి
చాయ తాగుకుంట గొప్పలు చెప్పేటోన్ని:
నా దిక్కు పురుగు రాదు, పుట్ర రాదు,
నీ దిక్కే పైలం.

ఆమె ఏమనకపోయేది.
జాకెట్ల కొలతలు, ఇరవై రెండు మంది చిట్టీ లెక్కలు
ఎక్కించుకునేది.
అప్‌డేట్ అని అడిగితే మిషన్ ఆపి, సరే అని ఒత్తేది.
నీలి తెర మీద చుక్కలు గిర్రున తిరుగుతుంటే
కాజాలు కుట్టుకుంట కూసునేది, గంటైనా.
తెల్వని పేరు మీదొచ్చిన ఉత్తరం విప్పేది కాదు.
దర్వాజ కొట్టినోళ్లందరు చుట్టాలైతరా? అనేది.

నేనో?
షెడ్ల కూసోని ఇంటి పెట్టెలకు తొంగిచూడాల్నని
బయటికొక కిటికీ పెట్టుకున్న.
దాని పాస్‌వర్డు, నేను మొదటిసారి చెయ్యి వెట్టిన ఇంజన్ నంబరు.
షెడ్డు గోడ మీద సుద్దతోని ఇప్పటికీ రాసి ఉంటది.
ఇంజన్‌కు షెడ్యూల్ ఒక్క దినం తప్పనియ్యనోన్ని,
నా దిక్కు మరమ్మతు చెయ్యక పద్నాలుగు నెలలు.

ముసురు పట్టిన ఒక బేస్తారం రాత్రి
ఎవ్వరు ముట్టుకోని పెట్టెల ఫంకా గుయ్యిమన్నది.
లేచి రాతలు తీసి చూసిన.
ఎవడో తలుపు తడుతనే ఉన్నడు, దినాల సంది.
నాలుగు వేల ముప్పై ఒకటోసారి
తలుపు తెరుసుకున్నది.
వానికి మొఖం లేదు, ఊరు లేదు,
చుక్కలు పెట్టిన నాలుగు అంకెలు, అంతే.

నా అర్రలకెళ్లి పోయి నడిమి గోడ తట్టిండు.
అది గోడ గాదు, తడక.
ఆమె తాళం ఆమె దర్వాజకే ఉన్నది.
ఇటుకెళ్లి వచ్చేటోనికి అది అడ్డమే గాదు.
పండుకున్న అర్రను లేపకుండ
సందుగ తీసి, చిట్టీ బుక్కు సదువుకొని,
దాని మీద వాని తాళం వేసి
చీటీ పెట్టి పోయిండు: పైసలు పంపు.

శౌరమ్మ ఒర్రలే.
జొన్నల డబ్బాల చెయ్యి పెట్టి
పాత లంగ గుడ్డల చుట్టిన డిస్కు తీసింది.
ఆదివారం ఆదివారం పూజకు పోకముందు ఎక్కిస్త,
వైరు పీకి ఇండ్ల దాస్త.
వైరుంటే వాడు దాని కాడికి గూడ పోడా?

నాలుగు దినాల లెక్క పోయింది,
ఇంటింటికి తిరిగి అడిగి రాసుకున్నది.
కని ఇరవై రెండు మంది ఫోన్ నంబర్లు
దొంగ కాడ గూడ ఉన్నయి.
అవి డబ్బాలకెళ్లి తిరిగి రావు.
ఒక్కొక్కరికి ఫోన్ చేసింది:
నా పేరు మీద ఎవరన్న పైసలడిగితే ఇయ్యకుండ్రి,
మా ఇంట్ల తప్పైంది.

మా ఇంట్ల అన్నది.
మా ఆయన అనలే.
వాడకట్టు ఇననట్టు
నేను స్క్రూడ్రైవర్ ఎతుక్కుంట కూసున్న.

రెండు దిక్కులు తుడిచి మళ్ల పరిచిన.
కిటికీ మూసిన.
ఇప్పుడు తాళాలు దర్వాజలకు గాదు, అర్రలకే,
గోడలకే, గచ్చుకే.
నా అర్రల నిలవడి చూస్తే ఆమె అర్ర
ఉత్త ఇసుక తీరు కనవడ్తది.
ఆమె మాట నాకు తెల్వదు, నా మాట ఆమెకు తెల్వదు.
ఇరవై ఏడేండ్ల సంసారంల ఇది కొత్త.
మరిచిపోతే ఎట్లని రెండు మాటలు
ఒక కాయితం మీద రాసి పెట్టినం.

ఏడ పెట్టినమో
ఇండ్ల మాత్రం రాయ.